కంటిపాపలో మన బొమ్మ

ఇంద్రియములన్నింటిలోను కన్నే ప్రధానమని మన పెద్దల మాట. ఈ మాటను మన విద్యార్థులు ఈ సంవత్సరము క్రొత్త తీరున ఆచరణలో పెట్టినట్లున్నది. విజ్ఞానశాస్త్ర ప్రదర్శనమునకు ఛాయాచిత్రములు పంపవలసినదని మేము కోరగా, వచ్చినవానిలో సగమునకు పైగా కన్నుల చిత్రములే. తాతగారి కన్ను, చెల్లెలి కన్ను, ఇంటి పిల్లి కన్ను, పెరటిలోని ఆవుదూడ కన్ను, గోడమీది బల్లి కన్ను! కాగితము నిండ ఒకే ఒక్క కన్ను, రెప్పవెండ్రుకలు లెక్కింపదగినంత దగ్గరగా తీసినది. పూర్వము ఇట్టి చిత్రమునకు విలువైన కెమేరాయు, ప్రత్యేకమైన కటకములును, చేయి తిరిగిన ఛాయాచిత్రకారుడును కావలసియుండెను. నేడు తండ్రిగారి సెల్‌ఫోనును ఒక గంటసేపు అడిగి తెచ్చుకొన్న ఎనిమిదవ తరగతి బాలుడే ఆ పని చేయగలుగుచున్నాడు. ఇది సంతోషింపదగిన విషయము. అయినను, వానిలో రెండు చిత్రములు మమ్ము ఆలోచనలో పడవేసినవి. వానిని గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదటిది ఒక మేకపిల్ల కన్ను. చిత్రము మిక్కిలి స్పష్టముగా వచ్చినది. తేనెరంగు వలయము, దాని నడుమ అడ్డముగా నల్లని పట్టె, అన్నియు చక్కగా కనబడుచున్నవి. మేము భూతద్దముతో ఆ చిత్రమును పరిశీలించితిమి. కంటిమీది నిగనిగలో చిన్న బొమ్మలు కొన్ని కనబడినవి. టార్చి వెలిగించిన ఫోను పట్టుకొన్న బాలుడు ఒకడు. వాని ప్రక్కన, మేకపిల్ల చెవులను రెండు చేతులతోను బిగబట్టిన బాలుడు మరియొకడు. చిత్రము తీసినవానికి ఈ సంగతి తెలిసియుండదు. తాను మేకను చిత్రించితిననియే అతడనుకొన్నాడు. మేక కన్ను వారిద్దరిని చిత్రించిపెట్టినది.

రెండవది ఒక పసిపాప కన్ను. చీకటిగానున్న గది, తెరచిన కిటికీ, ఉదయపు వెలుగు. టార్చి లేదు, ఫ్లాషు లేదు. ఆ కంటి నడుమ నలుచదరపు కిటికీయు, దాని ముందు బిడ్డపైకి వంగియున్న తల్లి నీడయు చిన్నవిగా కనబడుచున్నవి. చిత్రమునందు కొంత మసక కలదు. అయినను ప్రదర్శనములో మొదటి స్థానమును దానికే ఇచ్చితిమి. కొందరు విద్యార్థులు, మేక చిత్రమే స్పష్టముగా నున్నదిగదా, ఇదేమి న్యాయమని అడిగిరి. ఈ వ్యాసము వారికి మా సమాధానము.

కంటి ముందుభాగమున కార్నియా యను స్వచ్ఛమైన పొర గలదు. అది ఉబ్బెత్తుగా, తడిగా, నున్నగా నుండుటచే కుంభాకార దర్పణమువలె పనిచేయును. ఎదుటనున్న వస్తువులన్నియు దానియందు చిన్నవిగా, నిటారుగా ప్రతిఫలించును. ఎంత దగ్గరగా పోయిన అంత స్పష్టముగా మన బొమ్మ అందులో పడును. ఈ సత్యమును మన పూర్వులు కెమేరా పుట్టుటకు ఎన్నియో శతాబ్దములకు ముందే గమనించిరి. కంటి నడిమి నల్లని బిందువును తెలుగువారు ‘పాప’ యనిరి. కనుపాప, కంటిపాప యన్నప్పుడు పాప యనగా చిన్నబిడ్డ. ఎదుటివాని కంటిలోనికి చూచినప్పుడు కనబడు చిన్నమనిషి. సంస్కృతమున ‘కనీనిక’ యన్నను చిన్నపిల్లయే. మన ఒడియా స్నేహితులు ‘ఆఖి పితుళా’ యందురు. పితుళా యనగా బొమ్మ. లాటిను భాషలో ‘పుపిల్లా’ యనగా చిన్న బాలిక, చిన్న బొమ్మ. దానినుండియే ఇంగ్లీషువారి ‘ప్యూపిల్’ వచ్చినది. ఆ ఇంగ్లీషు మాటకు విద్యార్థి యనియు అర్థమున్నది గదా!

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైన నాటినుండి మన గంజాము జిల్లా అందులో భాగమై యున్నది. ఇచ్చట తెలుగును ఒడియాయు ఒకే వీధిలో, ఒకే బజారులో వినబడుచుండును. మాటలు వేరైనను, ఈ రెండు భాషలవారును ఎదుటివారి కంటిలోనికి చూచి ఒకే సంగతిని కనిపెట్టి, దానినే పేరుగా పెట్టుకొనిరి. ఇంత దగ్గరగా చూచుట ప్రేమగలవారికే సాధ్యము. బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికే మొదట ఆ చిన్నబొమ్మ కనబడియుండునని మేము తలంతుము. కావున, కన్నును దగ్గరగా చిత్రించువాడు ఎదుటి ప్రాణి తనను చూచుచున్నదను సంగతిని మరువరాదు. ఇదియే మా అభిప్రాయము. తక్కిన నియమములన్నియు దీనినుండి పుట్టినవే.

ఈ పని చెడ్డదని మేము చెప్పుటలేదు. ఇది మంచి విద్య. అర్మేనియా దేశమున సురేన్ మన్వెల్యన్ అను ఛాయాచిత్రకారుడు కలడు. ఆయన భౌతికశాస్త్రమును అభ్యసించి, పాఠశాలలో బోధించినవాడు. మనుష్యుల కన్నులను, జంతువుల కన్నులను మిక్కిలి దగ్గరగా చిత్రించి ప్రపంచమున ప్రసిద్ధి గాంచినాడు. ఆ చిత్రములలో మనిషి కంటి రంగువలయము కొండలును లోయలును గల ప్రదేశమువలె కనబడును. మన పిల్లలకు ఒక మాట చెప్పవలెను. అట్టి చిత్రములను చూచి, మన నల్లని కన్నులలో అంత అందము లేదని చిన్నబుచ్చుకొనవలదు. మన రంగువలయమున మెలనిన్ అను వర్ణద్రవ్యము అధికముగా నుండుటచే పైకి నల్లగా తోచును. నీలికన్నులలో నీలిరంగు ద్రవ్యమేదియు లేదు. వెలుగు చెదరుటచేతనే అవి నీలముగా కనబడును. కంటికి కనబడని పరారుణ కిరణములతో చిత్రించినచో మన కన్నులలోను అంతటి నూలుపోగుల అల్లిక తేటపడును. నేతపనికి పేరుపొందిన బరంపురమువారికి ఆ పోలిక వేరుగా చెప్పనక్కరలేదు.

జంతువుల కన్నులు మరింత వింతలు. మేక, గొఱ్ఱె మున్నగు గడ్డిమేయు జంతువులకు పాప అడ్డముగా సాగియుండును. పిల్లికి పగటివేళ నిలువుగా సన్నని గీతవలె నుండి, చీకటి పడగా గుండ్రముగా విచ్చుకొనును. ఇట్లేల యని 2015లో అమెరికాలోని మార్టిన్ బ్యాంక్స్ మున్నగు శాస్త్రజ్ఞులు 214 జాతుల భూచర జంతువుల కన్నులను పోల్చిచూచిరి. కన్నులు ప్రక్కలనుండి, ఇతర జంతువులకు ఆహారమగు మేతజంతువులకు అడ్డుపాపయు, పొంచియుండి వేటాడు చిన్న జంతువులకు నిలువుపాపయు ఉండుట అధికమని వారు తేల్చిరి. అడ్డుపాపవలన నేల పొడవున నాలుగుప్రక్కలు కనబడును. మీదినుండి పడు ఎండ తగ్గును. మేక తల వంచి మేయునపుడు దాని కన్నులు 50 డిగ్రీలు, అంతకు పైగాను గుండ్రముగా తిరిగి, పాప మరల నేలకు సమాంతరముగనే నిలుచును. దీనిని చూచుటకు టార్చియు వలదు, చెవులు పట్టుకొనుటయు వలదు. మేక మేయుచుండగా పది అడుగుల దూరమున కూర్చుండి ఓపికతో చూచిన చాలును. చెవులు బిగబట్టిన మేక తల వంచి మేయదు. కావున ఆ బాలురిద్దరు అన్నిటికంటె పెద్ద వింతను పోగొట్టుకొనిరి.

బల్లిని శకునమునకే గాక శాస్త్రమునకును చూడవలెను. పగటివేళ దాని పాప అంచులు వంకరలు తిరిగిన నిలువుగీత. ఆ వంకరలు కలిసిన చోట్ల సూదిబెజ్జములవంటి రంధ్రములు మిగులును. దానికి మనవలె కదలు రెప్పలు లేవు. నాలుకతోనే కన్ను తుడుచుకొనును. తూనీగ కన్ను వేలకొలది చిన్న కటకముల కూర్పు. కొన్ని జాతులలో ఒక్కొక్క కంటికి సుమారు 30,000 వరకు ఉండును. కుక్క, పిల్లి, ఆవు మున్నగువాని కంటి వెనుక వెలుగును త్రిప్పికొట్టు మెఱుపుపొర యుండుటచేతనే రాత్రివేళ లాంతరు వెలుగులో వాని కన్నులు మెరయును. మనకు ఆ పొర లేదు. ఫ్లాషు వెలుగున మన కన్నులు ఎఱ్ఱగా పడుట కంటి వెనుకనున్న రక్తము కారణముగనే. ఈ ఎఱుపును గుర్తుంచుకొనుడు. దానితో మనకు ముందు పెద్ద పని యున్నది.

ఇంటి జంతువులతో ఓపిక చాలును. అడవి జంతువులతో దూరము కూడ అవసరము. ఋషికుల్యానది సముద్రమున కలియు చోట, మన జిల్లా తీరముననే, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు గుంపులు గుంపులుగా వచ్చును. ఈ తీరము అట్టి సామూహిక స్థానమని 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చినట్లు లెక్కించిరి. గ్రుడ్లు పెట్టుచుండగా తాబేటి కంటినుండి నీరు కారును. ఆ కన్నీటిని చిత్రింపవలెనని ఫోనులు పట్టుకొని పోవువారు కలరు. అది దుఃఖము కాదు. శరీరమున అధికమైన ఉప్పును కంటి వెనుకనున్న గ్రంథులు వెలికి పంపుచున్నవి. కాని ఆ చీకటిలో మనము వెలిగించు టార్చి మాత్రము దానికి నిజమైన కష్టమే. ఒడ్డునకు వచ్చుచున్న తల్లి వెలుగునకు బెదరి వెనుదిరుగవచ్చును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లలు సముద్రముపైని వెలుగునే గురిగా పెట్టుకొని ప్రాకును. ఒడ్డున మనుష్యుల దీపములు కనబడిన దారి తప్పును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున తాబేళ్లకు అత్యున్నత రక్షణ కలదు. చట్టము లేకున్నను, ప్రసవించుచున్న తల్లి ముఖముపై దీపము పెట్టుట మన ఇండ్లలో ఎవరైన ఒప్పుదురా?

భేట్నోయి, బలిపదర్ ప్రాంతపు గ్రామస్థులు మనకు మంచి పాఠము చెప్పుచున్నారు. వారి పొలములలో కృష్ణజింకలు స్వేచ్ఛగా తిరుగును. పంటకు నష్టమైనను వారు వానిని కొట్టరు. జింక అడుగుపెట్టిన పొలము బాగుపడునని వారి విశ్వాసము. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువు ఈ కృష్ణజింకయే గనుక, తెలుగు చదువు మన పిల్లలకు దానితో రెండువిధముల చుట్టరికము గలదు. దాని కంటి ముందు కొనలో కన్నీటి చారవంటి నల్లని గుంట కనబడును. అది వాసనద్రవ్యమును స్రవించు గ్రంథి. దానిని చిత్రింపగోరువాడు దూరపు కటకముతో గట్టుమీద కూర్చుండి వేచియుండవలెను. తరిమి తీసిన జింక కంటిలో భయము తప్ప మరేమియు పడదు.

ఇక మనుష్యుల కన్నుల విషయము. 1984లో అమెరికా ఛాయాచిత్రకారుడు స్టీవ్ మెక్కరీ పెషావరు దగ్గరి కాందిశీకుల శిబిరములో ఒక ఆఫ్గను బాలికను చిత్రించెను. ఆ చిత్రము 1985 జూన్ నెలలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రమై వచ్చి, ఆ ఆకుపచ్చని కన్నులను లోకమంతయు ఎరుగునట్లు చేసినది. ఆమె పేరు మాత్రము 17 సంవత్సరములు ఎవరికిని తెలియదు, చిత్రించినవారు అడుగలేదు. 2002లో ఆమెను వెదకి పట్టుకొన్న పిమ్మట, కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు జాన్ డాగ్‌మన్ పాత చిత్రములోని రంగువలయమును క్రొత్తదానితో పోల్చి, ఆమె షర్బత్ గులాయే యని నిశ్చయించెను. తెలియని మనిషి ఎదుట నిలువవలసివచ్చినందుకు ఆనాడు తనకు కోపము కలిగినదని ఆమె చెప్పినది. లోకమునకు ఆ చూపు అందముగా తోచినది. అందులో కోపము గలదని పదునేడేండ్లకు గాని తెలియలేదు.

అందుచేత విద్యార్థులకు మేము చెప్పునదేమన, ఎవరి కన్నునైనను చిత్రించుటకు ముందు అనుమతి అడుగవలెను. తాతగారైనను, చెల్లెలైనను, బజారులో కూరలమ్ము అవ్వయైనను అడుగవలెను. చిత్రము తీసిన తరువాత వారికి చూపవలెను. వలదన్నచో చెరిపివేయవలెను. అడిగినందున చిత్రము చెడదు. అడిగించుకొన్నవారి కంటిలో చిరునవ్వు పడును.

దీనికి మరియొక కారణము కలదు. 2010లో మొదలైన ఆధార్ పద్ధతిలో పదివ్రేళ్ల గుర్తులతోపాటు రెండు కన్నుల రంగువలయములను కూడ నమోదు చేయుచున్నారు. ఒకరి వలయము మరియొకరి వలయమువలె నుండదు. ఒకే మనిషి కుడికన్నును ఎడమకన్నును కూడ ఒకటి కావు. అనగా కన్ను నేడు సంతకమువంటిది. 2017లో జర్మనీలో కొందరు నిపుణులు ఒక మనిషి కన్నును దూరమునుండి చిత్రించి, ఆ చిత్రముపై కంటిలో పెట్టుకొను కటకమునంటించి, కన్నును చూచి తెరచుకొను ఒక ఫోనును మోసపుచ్చి చూపిరి. సంతకము చేసిన ఖాళీ కాగితమును వీధిలో పారవేయము గదా! అట్లే, మిక్కిలి స్పష్టమైన కంటి చిత్రమును పేరుతోను, ఊరితోను జోడించి నలుగురిలోనికి పంపుట తెలివైన పని కాదు. ప్రదర్శనములో మేము చిత్రముల క్రింద తీసినవారి పేర్లు మాత్రమే వ్రాసి, కన్నుగలవారి పేర్లు వ్రాయకుండుట ఇందుకొరకే.

ఇప్పుడు తల్లిదండ్రులకు ముఖ్యమైన మనవి. ఇంతకుముందు చెప్పిన ఎఱుపును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఫ్లాషుతో తీసిన చిత్రమున బిడ్డ కన్నులు రెండును ఎఱ్ఱగా పడుట సహజము. ఒక కంటిపాప ఎఱ్ఱగాను, రెండవది తెల్లగానో పసుపుపచ్చగానో పిల్లి కన్నువలె మెరయుచు పడినచో దానిని ఉపేక్షింపరాదు. కంటిశుక్లము పసివారికి కూడ రావచ్చును. రెటీనాలో పుట్టు రెటినోబ్లాస్టోమా యను కంతియు కావచ్చును. ఈ వ్యాధి సాధారణముగా ఐదేండ్లలోపు బిడ్డలకు వచ్చును. ముందుగా గుర్తించినచో ప్రాణమును, పెక్కుసార్లు కన్నును, చూపును కూడ కాపాడవచ్చును. ఆలస్యమైన ప్రాణాపాయము. వెలుగు పక్కనుండి పడినప్పుడు ఆరోగ్యముగల కంటిలోను ఒక్కొక్కసారి తెల్లని మెఱుపు వచ్చును గనుక బెంబేలు పడనక్కరలేదు. కాని దృష్టి దిగినదని దిగదుడిచి ఊరకుండుటయు తగదు. చిత్రమును చేతబట్టుకొని కంటివైద్యుని దగ్గరకు వెళ్లుడు. తెల్లగా పడుట పదే పదే జరిగినచో ఒక్కదినము కూడ జాగుచేయరాదు.

అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము బోధించు బ్రయన్ షా గారి కుమారునికి పసితనముననే ఈ వ్యాధి వచ్చినది. చికిత్స జరుగుచుండగా ఆ తండ్రి ఇంటనున్న పాత చిత్రములన్నింటిని మరల చూచెను. పుట్టిన కొన్ని దినములనాటి చిత్రములలోనే ఆ తెల్లని మెఱుపు కలదు! అందరును చూచి ముచ్చటపడిన చిత్రములే. అందులోని హెచ్చరికను ఎవరును చదువలేదు. ఆ దుఃఖముతో ఆయన ఊరకుండక, ఇంటి చిత్రములను వెదకి తెల్లపాపను గుర్తించు ఫోను ఉపకరణమును సహచరులతో కలసి సిద్ధపరచెను. 2019లో ప్రకటించిన పరిశోధనలో, కంటివ్యాధి గల పిల్లలలో 100కి 80 మంది విషయమున, వైద్యులు వ్యాధిని నిర్ణయించుటకు సగటున 1.3 సంవత్సరముల ముందు తీసిన చిత్రములలోనే అది ఆ గుర్తును పట్టగలిగినది. ఒక తండ్రి కంటికి ఆలస్యముగా కనబడినది ఇతర తండ్రులకు ముందుగా కనబడవలెనని ఆయన తపన.

కొందరు మమ్ము ప్రశ్నింపవచ్చును: ‘‘మేకకు టార్చి వలదంటిరి, తాబేటికి వెలుగు వలదంటిరి, ఇప్పుడు పసిబిడ్డకు ఫ్లాషు మేలనుచున్నారేమి?’’ న్యాయమైన ప్రశ్నయే. బిడ్డ కంటిముందు టార్చి పెట్టి నిమిషములకొలది చిత్రములు తీయుడని మేమనుటలేదు, అది కూడదు. గదిలో కొంత దూరమునుండి, పండుగలనాడు అందరము తీసికొను చిత్రమువలె, క్షణకాలము మెరయు ఫ్లాషు చాలును. అట్టి చిత్రములు మీ ఇంట ఇదివరకే ఉండవచ్చును. క్రొత్తవి తీయుటకంటె పాతవానిని జాగ్రత్తగా చూచుట మేలు. దగ్గరగా తీయవలసినప్పుడు మాత్రము కిటికీ వెలుగే ఉత్తమము. కంటి తెల్లగ్రుడ్డుపై ప్రక్కగా నురుగువంటి తెల్లని మచ్చ యున్నచో అట్టి చిత్రమున తెలియును. అది ఏ విటమిను లోపమునకు గుర్తు కావచ్చును; సంధ్యవేళ బిడ్డ తడుముకొనుచున్నచో రేచీకటి యని అనుమానింపవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారముననే 1970లో మన దేశమున పసిబిడ్డలకు ఏ విటమిను మందు పోయు కార్యక్రమము మొదలైనది. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు మన పెరడులలో ఉన్నవే. మందును వేళకు పోయించి, వానిని కూడ పిల్లలకు పెట్టుడు.

కంటిలోపలి భాగమును చిత్రించు విద్య కూడ పాతదే. 1886లో ఇంగ్లండున జాక్‌మన్, వెబ్‌స్టర్ అనువారు మనిషి తలకు కెమేరాను బిగించి, రెండున్నర నిమిషములు కదలకుండ ఉంచి, రెటీనాను మొదటిసారి చిత్రించిరి. నేడు ఆ పని కన్ను మూసి తెరచునంతలో అగుచున్నది. మధుమేహముచే చెడుచున్న కన్నులను ఇట్టి చిత్రములవలననే ముందుగా కనుగొనుచున్నారు. మన బరంపురమున 1962లో స్థాపింపబడిన వైద్యకళాశాల కలదు. నేత్రవైద్యమునకు పొరుగూరు పోనక్కరలేదు. భువనేశ్వరమున 2006 నుండి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థ శాఖ పనిచేయుచున్నది. 1987లో హైదరాబాదున డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఆ సంస్థకు ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబము భూరిదానము చేసినది. కెమేరా వెనుక నిలిచి చలనచిత్రములు తీసిన తెలుగువాని పేరు నేడు చూపులేనివారికి చూపునిచ్చు సంస్థకు ఉండుట మన పిల్లలు గమనింపదగిన విషయము.

సెల్‌ఫోను చేతికిచ్చిన చదువు చెడునని పలువురు తల్లిదండ్రులు మాతో అనుచున్నారు. ఆ భయము నిరాధారము కాదు. రాత్రి పొద్దుపోవువరకు బొమ్మలు చూచుటకు ఫోను ఇయ్యవలదు. కాని ఆదివారము ఉదయము ఒక గంట, పెద్దలు ప్రక్కన ఉండగా, ఒక జీవి కన్నును చూచి, చిత్రించి, ఆ చిత్రము క్రింద తాను గమనించినదానిని తెలుగులో పది పంక్తులు వ్రాయుమని చెప్పి ఇచ్చిన, అది చదువే యగును. పాప అడ్డమా, నిలువా, గుండ్రమా? ఎండలో ఎంత, నీడలో ఎంత? రెప్ప కలదా, లేదా? ఇట్టి ప్రశ్నలకు సమాధానము పుస్తకములో చదివినదానికంటె స్వయముగా చూచినది చిరకాలము నిలుచును. ఆ పది పంక్తులలో రెప్ప, పాప, నల్లగ్రుడ్డు, కనుకొలకు, చూపు మున్నగు మన మాటలును నిలుచును.

వచ్చే సంవత్సరమునుండి కన్నుల చిత్రములను స్వీకరించుటకు నాలుగు నియమములు పెట్టుచున్నాము. పగటివెలుగుననే తీయవలెను. మనిషిని అడిగి తీయవలెను. జంతువును పట్టుకొనకుండ, తరుమకుండ తీయవలెను. చిత్రముతోపాటు పది పంక్తుల వివరణ పంపవలెను. మేము పరిశీలించునపుడు మరల భూతద్దము పట్టుకొందుము. మొదట చూచునది కంటి అందమును గాదు, ఆ పాపలో పడిన బొమ్మను.

మన ప్రాంతమున తెలుగువారును ఒడియావారును కలసి సేవించు జగన్నాథస్వామికి ‘చకాడోళా’ యని ముద్దుపేరు. గుండ్రని పెద్దకన్నులవాడని అర్థము. ఆ కన్నులకు రెప్పలు లేవు. స్వామి ఎల్లవేళల మనలను చూచుచునే యుండునని భక్తుల నమ్మకము. గుడిలో నిలిచినపుడు మనము స్వామిని చూచుటకు పోయితిమా, స్వామి చూపున పడుటకు పోయితిమా యని పెద్దలు అడుగుచుందురు. పెరటిలోని మేకపిల్ల ఎదుట ఫోను పట్టుకొన్నపుడు కూడ ఆ ప్రశ్ననే ఒక్కసారి వేసికొనుడు. ఈ వ్యాసము అచ్చునకు పోవుచుండగా, ఆ మేక చిత్రము తీసిన బాలుడు మా వద్దకు వచ్చి, భూతద్దము అడిగి, తన చిత్రమును తానే చాలసేపు చూచుకొనెను. ఏమియు మాటలాడలేదు. మరునాడు క్రొత్త చిత్రము తెచ్చినాడు. మేక దూరముగా మేయుచున్నది. కన్ను చిన్నదిగానే యున్నది. కాని పాప నేలకు సమాంతరముగా నిలిచియున్నది. దానిని ఈ సంచికలో అచ్చువేయుచున్నాము.